యీషున్ బజారులో మీ గురించి అడిగారు

అత్తయ్యా,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున్నించి ఒకచోట కూర్చోలేకపోయాను. తుడిచిన వంటగట్టునే మళ్లీ తుడిచాను. మీ అబ్బాయి కంప్యూటర్ల వైటూకే పనంటూ శనివారం కూడా ఆఫీసుకు వెళ్లారు. చివరికి పాపను వెంటబెట్టుకుని యీషున్ కూరగాయల బజారుకు వెళ్లాను.

ఈ దేశం వచ్చి మా దగ్గరున్న ఆరు నెలలూ మీరు రోజూ వెళ్లిన బజారది. ఊరినుంచి మీరు పోయిన కబురు వచ్చాక నేనటు పోలేదు, సూపర్‌మార్కెట్లో ప్యాకెట్లే కొంటున్నాను.

మీరు తెలుగులోనూ తను చైనీస్‌లోనూ బేరాలాడుకున్న కూరలావిడ నన్ను చూడగానే గుర్తుపట్టింది. “మీ అమ్మ ఏదీ?” అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. మీరు నా కన్నతల్లి అనుకుంటుంది. నేనెప్పుడూ కాదనలేదు.

“ఊళ్లో ఉన్నారు” అన్నాను. తూకం వెయ్యమని వంకాయలు అందించాను.

పాప నా వైపు చూసింది. “నో లా ఆంటీ, గ్రాండ్‌మా డైడ్” అంది, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో.

ఆవిడ తూకం ఆపి, బల్ల వెనకనుంచి వచ్చి తడి చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

“రోజూ నన్ను తిట్టేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తను రాని రోజు నాకేం తోచేది కాదు” అంది.

ఏడాదిగా మీ అబ్బాయీ నేనూ మీ మాట ఎత్తలేదు. అక్కడ నిలబడి అరగంటసేపు మీ గురించే మాట్లాడాను.

ఇంటికొచ్చి ఆయనకు ఫోన్ చేసి, త్వరగా రమ్మన్నాను. ఎందుకన్నారు.

“అత్తయ్య గురించి మాట్లాడుకుందాం.”

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

“బయల్దేరుతున్నా” అన్నారు.