బ్రష్షులు తుడిచిన గోడ

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున పేపర్లో నీ పెయింటర్ కొత్త బొమ్మ పడింది. కాజీపేటలో సైన్‌బోర్డులు రాసే నీకు, స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు ఆ చిత్రకారుడి మీద అంత ఇష్టం ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. ఆయన బొమ్మ ఎక్కడ కనిపించినా కత్తిరించి డైరీలో అంటించేవాడివి. మొదట్లో ఆయన జాలర్లను గీశాడు. తర్వాత మనుషులు పోయి ఇళ్లు మిగిలాయి. ఆ ఇళ్లు కూడా పోయి చివరికి ఉత్త రంగులే మిగిలాయి.

"ఏందన్నా, ఈయన బొమ్మ గీసుడే మర్చిపోయినట్టుండు" అని నేను నవ్వితే, "జర ఆగురా, ఆయన ఏడికో పోతాండు" అనేవాడివి.

ఎక్కడికి చేరాడో ఈరోజు చూశాను. బొమ్మ నిండా ఒక గోడ, దాని మీద ఎరుపు, పసుపు, నీలం మరకలు. వదినకు చూపిస్తే చాలాసేపు పేపర్ కింద పెట్టలేదు.

"మీ అన్న బ్రష్షులు తుడిచిన గోడ గదా ఇది!" అన్నది.

నీ షాపును కిరాయికి ఇద్దామని పోయిన వారమే ఆ గోడకు తెల్ల రంగు వేయించాను. రెండు కోటింగులు వేసినా నీ రంగులు పైకి కనబడుతూనే ఉన్నాయి. మూడోది నేనే దగ్గర నిలబడి వేయించాను అన్నా.