కొమురమ్మ గుండె చప్పుడు

మార్చి 4
హౌస్‌సర్జన్‌గా ఇంకా నెల కూడా మిగల్లేదు. ఈ పొద్దున తొమ్మిదో మంచం మీద ఎవరో తెలుసా... నెక్కొండ కొమురమ్మ! నన్ను చూడగానే ఎడమ పక్కకు ఒరిగి, "ఊపిరి బిగవట్టాల్నా బిడ్డా?" అని నవ్వింది. రౌండ్స్ మధ్యలోనే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మార్చి 5
థర్డ్ ఇయర్ గుర్తొస్తోంది. ఇదే వార్డు. కొమురమ్మ గుండెలో ఒక కవాటం సన్నబడింది, ఆ గుర్రుమనే చప్పుడు వినమన్నారు సార్. పన్నెండు మందిమి వరసగా స్టెత్ పెట్టాం. "వినిపించింది సార్" — అందరితో పాటు నేనూ. ఏమీ వినిపించలేదు.
సార్ వెళ్లాక ఆమె నా చున్నీ పట్టి ఆపింది. "అబద్ధమెందుకాడినవ్? నీకు ఇనవడలే. నీ మొకమే చెప్తాంది." మధ్యాహ్నం రమ్మంది. ఫ్యాన్ ఆపించి, ఎడమ పక్కకు ఒరిగి, స్టెత్ బిళ్ల తనే జరిపింది. "గిప్పుడిను," అని ఊపిరి బిగబట్టింది.
పక్కింట్లో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు... విన్నాను! ఎంత సంబరమో నాకు. ఆమె ఆయాసపడుతోందన్న సంగతి చాలాసేపటికి గానీ చూడలేదు.

మార్చి 7
ఫైనలియర్ పరీక్షలోనూ నేను చూసి జబ్బు చెప్పాల్సిన కేసు ఆమే. దేవుడికి దండం పెట్టుకున్నాను, ఆమె నాకు వచ్చినందుకు. అంటే ఆమె జబ్బు తగ్గనందుకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మార్చి 8
సుబేదారిలో మిర్చి బజ్జీలు. ఫస్ట్ ఇయర్ నుంచీ తింటున్న అదే బండి. హాస్టల్ గది ఖాళీ చేయాలి... మనసు రావడం లేదు.

మార్చి 10
కొమురమ్మను ఆపరేషన్‌కు హైదరాబాద్ పంపమని రాశారు. ఇక ఆగితే ప్రాణానికే ముప్పని వార్డు మేడం గట్టిగానే చెప్పారు. ఆమె పోనంటోంది. "నేను బాగైతే మీ పిల్లలకు పరీక్షలెట్ల?" అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 11
అసలు సంగతి భయం. సాయంత్రం నాకొక్కదానికే చెప్పింది. "కోసినంక మల్ల కొట్టుకోకపోతే?"
ఐదున్నరేళ్లు చదివాను. "ఫికర్ చెయ్యకు" అన్నాను, అంతే.

మార్చి 12
మధ్యాహ్నం. ఫ్యాన్ ఆపాను. స్టెత్ ఆమె చెవులకు పెట్టి, బిళ్ల ఆమె గుండె మీద ఉంచాను. కళ్లు మూసుకుని విన్నది.
"గింతమంది ఇన్నరు... నాకెవ్వలు ఇనిపియ్యలే."
మళ్లీ విన్నది. "పాపం, మస్తు గోసపడ్తాంది బిడ్డా." కళ్లు తుడుచుకుంది. "ఎన్నడు పోవాలె?"

మార్చి 14
రైలెక్కించాను. తోడు వాళ్ల చెల్లె; ఆపరేషన్ అవగానే ఫోన్ చేస్తానంది. కిటికీలోంచి కొమురమ్మ — "మల్లొచ్చేసరికి ఆ సప్పుడుండది గద. నన్ను గుర్తువడ్తవా?"
ఎడమ పక్కకు ఒరిగితే గుర్తుపడతానన్నాను. రైలు పోయాక ప్లాట్‌ఫాం మీదే ఏడ్చాను.

మార్చి 19
ఇవాళే ఆపరేషన్.
తొమ్మిదో మంచం మీద వేరే ఆమె. చుట్టూ థర్డ్ ఇయర్ పిల్లలు. "వినిపించింది సార్" అంది చివరి అమ్మాయి. దాని ముఖం చూశాను. మధ్యాహ్నం రా అని మెల్లగా చెప్పాను.
వచ్చింది. ఫ్యాన్ ఆపాను. నేర్పుతున్నంతసేపూ ఒక చెయ్యి కోటు జేబులో ఫోన్ మీదే...
ఇంకా మోగలేదు.