ముత్తాత తిథి

భాద్రపద బహుళ ద్వాదశి, రాత్రి. చీపురుపల్లి.

నలభై ఏళ్ళుగా ముత్తాత అప్పన్నగారికి ఈ తిథినాడే శ్రాద్ధం పెడుతున్నాను. మహాలయ పక్షంలో సన్న్యాసులకు విహితమైనది ద్వాదశి. వంశావళి పుస్తకంలో తాతగారు స్వహస్తంతో "కాశికిఁ బోయి సన్న్యసించెను" అని వ్రాసి ఉంచారు. నేను దానిని నమ్మడమే కాక, సభలలో సగర్వంగా చెప్పుకున్నాను కూడా.

ఈ మధ్యాహ్నం భోక్తలు లేచాక, గజపతినగరం నుంచి వచ్చిన అక్క విస్తరి ముందు కూర్చుని తాపీగా అన్నది: "కాశీ ఏటిరా? బెంగాల్లో బొగ్గు గనికి ఎల్లాడు. పైకప్పు కూలి అక్కడే పోయాడు. గుమాస్తా రాసిన ఉత్తరం నా పెట్టెలో ఉన్నాది, బామ్మ ఇచ్చింది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమక్కా?"

"నువ్వడిగావేటి? సన్నాసి మునిమనవణ్ణని ఊరంతా సెప్పుకుంటన్నావు, ఆ బొగ్గుమసి నేనెందుకు పుయ్యాల?"

సాయంత్రం ఆమె కోడలు ఆ ఉత్తరాన్ని ఫోటో తీసి పంపింది. సిరా వెలిసినా పేరూ ఊరూ స్పష్టంగా ఉన్నాయి.

దుర్మరణం పొందినవారికి చతుర్దశి అని జిల్లా అంతటికీ శాస్త్రం చెప్పేవాణ్ణి నేను! కూలిపని నామోషీ అనిపించి కన్నతండ్రికి కాషాయం కట్టబెట్టిన తాతగారిని ఏమనాలో తోచడం లేదు. విచారించకుండా నమ్మిన నన్ను మాత్రం ఏమనాలి?

పురోహితునికి ఫోను చేసి, ఎల్లుండి మళ్ళీ రమ్మన్నాను.

"ఎవరికండీ?"

"అప్పన్నగారికి."

"ఈవేళే పెట్టాం కదండీ!"

"ఈవేళ పెట్టింది ఎవరికో నాకు తెలియదు" అన్నాను.