కీరన్ చెప్పని పేరు

చెల్లెలు హెదర్‌కు దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం కుదురుగానే ఉన్నాం. మీ దీవిలో గాలివాన తగ్గిందనీ, మరిదిగారి నడుంనొప్పి సర్దుకుందనీ తలుస్తాను.

అడిగావు కనుక రాస్తున్నాను. అమ్మ సమాధి చుట్టూ గడ్డి కోయించాను. చర్చి పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. బకెట్లో చుక్కలు పడ్డప్పుడల్లా పాస్టరుగారు గొంతు పెంచుతారు.

"ఈ వయసులో ఆ పోలీసు టోపీ ఎందుకక్కా?" అని మళ్ళీ రాశావు. వారమంతా బేకరీలో రొట్టెలమ్ముతాను. ఆదివారం ఆరాధన అయ్యాక స్వచ్ఛంద పోలీసుగా యూనిఫాం వేసుకుంటాను. మిగతా పోలీసులకున్న అధికారాలన్నీ నాకూ ఉన్నాయి. లేనిదల్లా జీతమే. మొన్న సంతలో ముసలి నార్మన్ అడ్డుపడ్డాడు.

"ఏమ్మా బెవర్లీ, నన్ను అరెస్టు చేస్తే స్టేషన్లో బన్ను పెడతావా?"

"పెడతా. నిన్నటిది."

పైకి ఇలా నవ్వుతూనే ఉన్నాను. కొన్నాళ్ళుగా మోకరిస్తే మాత్రం మాట రావడం లేదు. లేచి టీకి నీళ్ళు పెడతాను, మరిచిపోతాను, మళ్ళీ పెడతాను. నీ కొడుకు కీరన్ ఇక్కడ ఉన్న గది తలుపు తీసి చూసి, మూసేస్తాను. వాడు ఇప్పుడు నా దగ్గర లేడు, స్నేహితుడి ఇంట్లో ఉంటున్నాడు. ఈ సంగతి నీకు చెప్పి ఉండడు.

తాగి వ్యాను నడిపినందుకు కోర్టు వాడి లైసెన్సు తీసేసింది, దాంతో సరుకులు చేరవేసే ఉద్యోగమూ పోయింది. అంతవరకే నీకు తెలుసు. "నా కొడుకును పట్టుకున్న ఆ మహానుభావుడెవరు? ఒకసారి బెదిరించి వదిలేస్తే వాడి సొమ్మేం పోయింది? నువ్వూ వాళ్ళలోదానివేగా, పేరు కనుక్కో" అని రాశావు.

కనుక్కోవలసిన పని లేదు. నేనే.

గొర్రెల ప్రదర్శన ముగిసిన సాయంత్రం అది. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. ఇంకొకామెకు జ్వరం వస్తే బదులు వెళ్ళాను. కీరన్‌కు ఆ సంగతి తెలియదు. మైదానం దారిలో నేనూ, కానిస్టేబుల్ బ్రామ్లీ బళ్ళు ఆపుతున్నాం. వాడి వ్యాను వచ్చింది. చెయ్యెత్తాను.

"హమ్మయ్య, నువ్వా పెద్దమ్మా! ఎక్కు, ఇంటి దగ్గర దింపేస్తా."

మాటతోపాటే వాసన వచ్చింది.

"తాగావురా?"

"ఏదో కాస్త. ఇల్లు ఆ మలుపులోనేగా? తప్పుకో. ఎవరు చూశారు?"

నిజమే, ఎవరూ చూడలేదు. బ్రామ్లీ అవతలి కారు దగ్గరున్నాడు. నేను చెయ్యి ఊపితే చాలు. కాని ముందు దారి పొడుగునా పిల్లలు తమ గొర్రెలను తాళ్ళు పట్టి ఇళ్ళకు నడిపించుకుపోతున్నారు.

"తాళం ఇలా ఇవ్వు."

"ఊరుకో పెద్దమ్మా! వాళ్ళు నీకు జీతం కూడా ఇవ్వరు."

తాళం తీసుకుని బ్రామ్లీని పిలిచాను. "వీడు నా చెల్లెలి కొడుకు. పరీక్ష మీరే చేయాలి" అన్నాను. అయినవాళ్ళ విషయంలో మాకు నియమం అదే. "మీరు వెళ్ళి మన బండిలో కూర్చోండి" అన్నాడతను మెల్లగా. వెళ్ళలేదు. వాడు గొట్టంలో ఊదుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. వాడు నా వైపు చూడలేదు.

తప్పు చేశానని రాయడం లేదు, హెదర్. రేపు మళ్ళీ ఆ వ్యాను వచ్చినా చెయ్యెత్తుతాను. నన్ను నిలవనీయనిది వేరే ఉంది. నువ్వు గుచ్చి గుచ్చి అడిగినా వాడు నా పేరు చెప్పలేదు. నా ముఖం చూడనివాడు, నీ ముందు నన్ను కాపాడుతున్నాడు. నా కోసం వాడు తల్లి దగ్గర ఒక మాట దాచుకుని తిరగడం నాకు ఇష్టం లేదు. ఈ ఉత్తరం పోస్టు చేసి, అటునుంచి అటే వాడి దగ్గరకు వెళ్ళి, మీ అమ్మకు అంతా రాసేశానని చెబుతాను. తలుపు తీస్తాడో లేదో తెలియదు.

నీ కోపమంతా నాకే రాయి. వాడికి మాత్రం ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని అడుగు.

ఇట్లు,
నీ పేరు తలవకుండా ఏ ప్రార్థనా ముగించని
అక్క,
బెవర్లీ