యాభై దాటినవాళ్లు

ఫిల్మ్‌నగర్,
మంగళవారం.

నాయినకు స్ఫూర్తి దండాలు.

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. నువ్వూ ఆ అడవిలో ఏ దెబ్బా తగలకుండా ఉన్నావనే అనుకుంటున్నాం. సెట్లో ఫోన్లు తీసేసుకున్నా, ప్రొడక్షన్ వ్యాన్ డ్రైవరన్న పుణ్యమా అని నీ ఉత్తరం అందింది.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. షేక్‌పేట డాక్టరు మందుతో తగ్గింది. అయినా మెట్లెక్కేటప్పుడు నన్నే తిడుతుంది.

నా చదువేంటని యూనిట్‌వాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నావు. యాక్చూరియల్ సైన్స్‌లో పీజీ అని చెప్పు. ఎంతమందికి ఏ ఆపద రావచ్చో ముందే లెక్కగట్టి, బీమా రేటు తేల్చే చదువు. ట్రైనింగ్ జూబ్లీహిల్స్‌లో ఒక బీమా కంపెనీలో చేస్తున్నానని నీకు తెలుసు కదా.

ఇక నీ ఉత్తరంలో చివరి ముక్క. "ఫైటర్ల బీమాల యాభై దాటినోళ్లను తీసేసిండ్రంట. గా రిపోర్టు రాసినోడెవడో జర కనుక్కో బిడ్డా. ఒక్కపారి మిద్దెక్కి దుంకమను, తెలుస్తది" అని రాశావు. మూడు రోజులుగా అదే చదువుతున్నాను.

రాసింది నేనే నాయినా.

మీ ఫైటర్ల యూనియన్ మా కంపెనీకి పంపిన కాగితాల్లో అయిదేళ్లకు పదకొండు దెబ్బలే ఉన్నాయి. అది నిజం కాదని నాకు తెలుసు. దెబ్బ తగిలిందంటే ఫైట్ మాస్టర్ మళ్లీ పిలవడని మీరంతా దాచిపెట్టి, టోలిచౌకి పహిల్వాన్ దగ్గర కట్టు కట్టించుకుని మర్నాడే షూటింగ్‌కి పోతారు. అన్నం తింటూ నువ్వు నవ్వుతూ చెప్పినవే అవన్నీ. నీ భుజం, నీ పక్కటెముకలు, నీ జోడీ మౌళి బాబాయ్ మడమ, అన్నీ పేర్లు లేకుండా రాసేశాను. నిజం రాస్తే రేటు సరిగ్గా వస్తుందనుకున్నాను. కంపెనీవాళ్లు రేటు పెంచలేదు, దాచిన దెబ్బలు ఇంకెన్ని ఉన్నాయోనని యాభై దాటిన పద్నాలుగు మందిని తీసేశారు. అందులో తొమ్మిదో పేరు నీది.

మా పైఆఫీసరు కమలాకర్ సార్ రిపోర్టు మెచ్చుకుని, "ఇవన్నీ నీకెలా తెలుసమ్మా? మీవాళ్లెవరైనా ఫైటర్లా?" అని అడిగారు. "లేదు సార్, ఫిల్మ్‌నగర్‌లో ఉంటాం కదా, వింటుంటాం" అన్నాను. చదువయ్యాక అక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు, అది పోతుందని అబద్ధమాడాను. వాళ్లు నీ పేరు కొట్టేస్తుంటే పక్కనే నిలబడి టీ తాగాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను నాయినా.

లెక్క తప్పు కాదు. ఇంట్లో నమ్మి చెప్పినదాన్ని నిన్ను అడక్కుండా వాడుకున్నాను, అది తప్పు. నీ పేరు తీసేశాక పన్నెండు రోజులు నోరు మూసుకుని కూర్చోవడం ఇంకా పెద్ద తప్పు.

నిన్న సార్‌కి చెప్పేశాను, తొమ్మిదో పేరు మా నాయినదని. ఫైలు నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు. యూనియన్‌వాళ్లే ఏదీ దాచకుండా దెబ్బలన్నీ ఉన్నవున్నట్టు రాసిస్తే, దానికి తగ్గ రేటు కట్టి యాభై దాటినవాళ్ల సంగతి మళ్లీ చూస్తామని మాత్రం అన్నారు.

శుక్రవారం కోటగోడ మీంచి దూకాలని రాశావు. పాత బీమా ఒకటో తారీఖుతో అయిపోయింది. నీ కాళ్లు పట్టుకుంటాను, ఈసారికి నావల్ల కాదని మాస్టర్‌కు చెప్పు.

ఆదివారం నేను యూనియన్ ఆఫీసుకు వెళ్తున్నాను. రిపోర్టు ఎవరు రాశారో, ఇప్పుడు ఏం రాసివ్వాలో అందరి ముందూ చెప్తాను. హనుమంతు బిడ్డనని చెప్పే మొదలుపెట్టాలని ఉంది. నీకు నామోషీ అనిపిస్తే ఇదే వ్యాన్‌లో కబురు పంపు. అప్పుడూ వెళ్తాను, నీ పేరు మాత్రం ఎత్తను.

ఇట్లు,
తప్పు చేసిన నీ బిడ్డ,
స్ఫూర్తి