అద్దె ఇంటి కుళాయి

చిన్నా,

మనం అద్దెకిచ్చిన ఇంట్లో వంటగది కుళాయి కారుతోందట. పదింటికి ప్లంబర్ వస్తాడు, దగ్గరుండి చేయించు. పద్దెనిమిది వందలు అడిగాడు, బేరమాడకు. అద్దె డబ్బులోంచి తీసి బీరువా మీద పెట్టాను. మీ నాన్న పనిముట్ల సంచి మాత్రం అతనికివ్వకు.

ఆ ఇంటికి రిపేరు ఖర్చే లేదని ఇన్నేళ్ళూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆయనేమో ఆదివారం పూట పానా పట్టుకుని బయల్దేరితే సణిగేదాన్ని.

ఆయన మరణ ధ్రువపత్రం ఇచ్చిరావడానికి బ్యాంకుకి వెళ్తున్నాను. అన్నం వండిపెట్టాను, తిని వెళ్ళు.

అమ్మ

మరిచాను. నిన్న ఫోన్లో అద్దెకున్న అమ్మాయి, "అంకుల్‌ని ఒకసారి పంపండి ఆంటీ" అంది. అలవాటు కొద్దీ, "సరే, పంపిస్తానమ్మా" అనేశాను. నాన్న లేరన్న సంగతి నువ్వే చెప్పు.