ఒక్క కాలే పెరిగిన ఎలుక

రాహేలూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కరోనా వల్ల ఐర్లండ్ అంతటిలాగే మన కాజిల్‌బార్‌లోనూ అందరం ఇంట్లోనే ఉన్నాం. మనవరాలు సారా ఎత్తు పెరగట్లేదని బెంగపడేదానివిగా, ఇప్పుడు రోజూ సాయంత్రం దాని తొడకి గ్రోత్ హార్మోన్ సూది. మన అమ్మాయి నర్సు కదా, తనే వేస్తుంది.

ఇవాళ సారా మంచం కింద దూరింది. మనింట్లో అద్దెకుంటూ పీజీ చదివే లావణ్య, ఎలుకకి ఒక్క కాలి ఎముకలోనే ఈ మందు ఎక్కిస్తే ఆ కాలే ఎక్కువ పెరిగిందని చెప్పిందట.

"నాకూ ఒక్క లెగ్గే లాంగ్ అయిపోతుంది తాతా!"

"మంచిదేగా, కొండవాలు మీద తిన్నగా నడుస్తావు," అన్నాను. ఏడుపు ఇంకా పెరిగింది.

లావణ్యే నచ్చజెప్పింది. "దానికి ఎముకలోనే పెట్టారు నాన్నా. నీకు చర్మం కింద వేస్తే రక్తంలో కలిసి రెండు కాళ్లకీ వెళ్తుంది."

సారా బయటికొచ్చి సూది వేయించుకుంది. "గ్రాండ్," అంది ఇక్కడివాళ్లలా, ఏం ఫరవాలేదన్నట్టు, కళ్లు తుడుచుకుంటూ.

తర్వాత గుమ్మానికి అడ్డంగా కార్పెట్ మీదే నిద్రపోయింది. ఇక్కడి ఎండాకాలం పొద్దు ఎంతకీ గుంకదు. ఆ వెలుగులో దాని కాళ్లు రెండూ మెల్లగా సాగుతున్నట్టే అనిపించింది.

వంటింట్లోంచి లావణ్య, "టీ చల్లారిపోతోంది, దాటి రండి అంకుల్," అంది.

పడుకున్న పిల్లను దాటితే ఎదగదని నన్నెన్నిసార్లు తిట్టావో! మందు పని మందు చేస్తుందిలే. నేను మాత్రం అది లేచేదాకా ఇవతలే నిలబడి ఉన్నాను.